అయిదో ఓటు

నాగులతిప్ప,
డిసెంబరు 14.

చెల్లి నాగవేణికి,

నాలుగు రోజులుగా నువ్వు ఫోన్ చేస్తుంటే బాగున్నానని రెండు ముక్కలు చెప్పి పెట్టేస్తున్నాను. కోపం తెచ్చుకోకు. ఇప్పుడు ఇక్కడ ఫోనులో ఏం మాట్లాడాలన్నా భయంగా ఉంది. పోయిన వారం మా వీధిలో ఒకామె తన తమ్ముడితో మాట్లాడిన మాటలు సాయంత్రానికల్లా ఊరి వాట్సాప్ గ్రూపులో వినిపించాయి. ఎవరు రికార్డు చేశారో ఇప్పటికీ తెలియదు. అందుకే ఉత్తరం. పెళ్లయిన ఈ తొమ్మిదేళ్లలో నీకు రాస్తున్న మొదటి ఉత్తరం ఇదేననుకుంటాను.

ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు వస్తున్నాయి కదా. మొన్న ఆదివారం పాలకేంద్రం దగ్గర ఊరంతా కూర్చున్నారు. సర్పంచి నుంచి వార్డు మెంబర్ల దాకా అందరినీ ఏకగ్రీవం చేసుకోవాలని తీర్మానం. సర్పంచిగా దుర్గాప్రసాద్ గారు. ముప్పై ఏళ్లుగా ఊళ్లో ఆ ఇంటి మాటే నడుస్తోంది. మీ బావ వాళ్లు మొదటి నుంచీ ఆయన మనుషులే. పోటీ లేకుండా జరిగితే ప్రభుత్వం ఊరికి నజరానా ఇస్తుందని, దాంతో సిమెంటు రోడ్డు పడుతుందని చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

అప్పుడు స్వాతి లేచింది. చర్చి వీధిలో ఉంటుంది, లారీ నడిపే బెంజిమిన్ భార్య. అయిదో నెల. నేను టీచరుగా చేసే అంగన్‌వాడీ సెంటర్‌లో పేరు రాయించుకున్న మనిషే. "నాలుగో వార్డుకి నేను నామినేషన్ ఏస్తా. మా వీధికి కుళాయి ఏపిస్తామని రెండుసార్లు మాటిచ్చారు. రాలా. ఈసారి నేనే పోయి అడుగుతా" అంది. అంతే. కూర్చుంది. ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం చూస్తే నాకు ఒళ్లు చల్లబడింది.

ఇంటికొచ్చాక మా అత్తమ్మ గురవమ్మ అన్నం ముట్టలేదు. నీకు తెలుసుగా, ఇరవై రెండేళ్ల కిందట ఇదే ఎన్నికల్లో ఊరు రెండుగా చీలి, బాంబులు పడి మా మామగారు పోయారు. "పోటీ అంటే మీకు ఓట్లు గుర్తొస్తయ్. నాకు మీ మామ చొక్కా గుర్తొస్తది" అంది.

నిలకడగా ఉండలేకపోతున్నాను. పొద్దున్నుంచి వాకిలి మూడుసార్లు ఊడ్చాను. నీ ఉద్యోగం ఎలా ఉంది? వేళకు తింటున్నావా?

నీ అక్క,
తిరపతమ్మ


నరసరావుపేట,
డిసెంబరు 22.

అక్కా,

నీ ఉత్తరం వకీలు గారి ఆఫీసుకు వచ్చింది. ఫిర్యాదు ఒకటి టైపు చేస్తూ మధ్యలో ఆపి చదివాను. రెండోసారి చదివాక, ఇది మా అక్కే రాసిందా అనిపించింది.

చప్పట్లు కొట్టావా? టెన్త్‌లో ఉన్నప్పుడు ఆడపిల్లలకు బాత్రూములకు తలుపులు పెట్టేదాకా క్లాసుకు రామని హెడ్మాస్టరు గది ముందు కూర్చుంది ఎవరు? నేను నీ వెనకాల నక్కి నీ జడ పట్టుకుని కూర్చున్నాను. "లేవమాక వేణీ, లేస్తే ఓడిపోతాం" అన్నావు. ఆ మాట మీదే నేను ఇంత దూరం వచ్చాను.

ఒక మనిషి వార్డు మెంబరుగా నిలబడతానంటే అది నేరమా? కుళాయి అడిగింది, అంతే కదా. మామగారి సంగతి తలచుకుంటే నాకూ బాధే. కానీ బాంబులు వేసింది పోటీ చేసినవాళ్లు కాదు, పోటీని ఒప్పుకోలేనివాళ్లు. అత్తమ్మకు ఆ మాట ఎవరూ చెప్పలేదా?

ఇక్కడ చూడాలి నువ్వు. కింద వాటాలో ఉండే మా ఇంటి ఓనరమ్మ కరీమున్నీసా గారి వీధి అంతా సాయంత్రమైతే రాజకీయమే. వాళ్లబ్బాయి అయాజ్ మెకానిక్ షెడ్డు మూసేశాక యూట్యూబులో పేట వార్తలు చెబుతాడు. మురుగుకాలవ గురించి మునిసిపల్ ఆఫీసు ముందు ధర్నా చేస్తే నేనూ వెళ్లాను. మొదటిసారి మైకులో మాట్లాడాను.

స్వాతిని మీ ఊరు ఏం చేస్తోంది? అది రాయలేదు నువ్వు.

నాగవేణి


నాగులతిప్ప,
జనవరి 3.

వేణీ,

స్వాతిని ఎవరూ ఏమీ చెయ్యలేదు. ఒక్కరు కూడా చెయ్యెత్తలేదు, తిట్టలేదు. మాట్లాడటం లేదు, అంతే. కొట్లో సరుకు లేదంటారు. పిండిమరలో కరెంటు లేదంటారు. మిరపకాయల కోతకు కూలీలను పిలిచేటప్పుడు ఆ ఇంటి ముందు ఆగరు. వాళ్ల అత్త గ్రేసమ్మ బోరింగు దగ్గరికొస్తే మిగతా ఆడవాళ్లు బిందెలు తీసుకుని పక్కకు జరుగుతారు. చర్చి వీధిలో వాళ్లవాళ్లు కూడా అంతే. నామినేషన్ వెయ్యకపోతే రేపటి నుంచి మామూలే. అది ఆమె చేతిలో ఉంది.

హెడ్మాస్టరు గది సంగతి గుర్తు చేశావు. సరే, నేనూ ఒకటి గుర్తు చేస్తాను. మనం పెరిగింది మాచర్లలో క్వారీ కాలనీలో. నాన్న రాయి కొట్టేవాడు. కాలనీలో అందరిదీ ఒకటే జెండా, ఒకటే మాట. మేస్త్రీకి ఎదురు చెప్పడం అక్కడ గొప్ప. చెప్పకపోతే సిగ్గు. ఆ రోజు నేను గది ముందు కూర్చుంటే కాలనీ ఆడవాళ్లు మజ్జిగ తెచ్చి ఇచ్చారు, గుర్తుందా? అది నా ధైర్యమని ఇన్నాళ్లూ నేనూ అనుకున్నాను. ఈ మధ్య పడుకున్నప్పుడు ఆలోచిస్తే, అది కాలనీ ధైర్యమనిపిస్తోంది. నాన్న మేస్త్రీ మనిషి అయ్యుంటే నేను తలుపుల సంగతి ఎత్తేదాన్నేనా?

నువ్వు మైకులో మాట్లాడావు. సంతోషం. నీ వెనక వీధి మొత్తం నిలబడి ఉంది. ఆ వీధి ఒకవైపుంటే నువ్వు ఒక్కదానివి రెండోవైపు నిలబడి ఒక పూట ఉండి చూడు. అప్పుడు రాయి నాకు.

ఇక్కడికి వచ్చిన కొత్తలో నేనూ వాదించేదాన్ని. మీ బావ నవ్వేవాడు. తర్వాత నవ్వడం మానేశాడు. తర్వాత నేను వాదించడం మానేశాను. ఎప్పుడు మానేశానో తేదీ చెప్పమంటే చెప్పలేను. ఒకరోజు దుర్గాప్రసాద్ గారిని 'మనవాళ్లు' అంటున్న గొంతు వినపడి, ఎవరిదా అని చూస్తే నాదే.

స్వాతి సెంటర్‌కు రావడం లేదు. మిగతా అంతా మామూలే.

అక్క


నరసరావుపేట,
జనవరి 10.

అక్కా,

చాలా రాశావు. నాకు చివరి ముక్కే పట్టుకుంది. ఆరో నెల గర్భిణి, కొట్లో సరుకు దొరకని మనిషి, ఉచితంగా ఇచ్చే గుడ్లూ పాలూ తీసుకోవడానికి ఎందుకు రావడం లేదు? రావడం లేదా? రానివ్వడం లేదా?

నిజం రాయి. అబద్ధమైతే అసలు రాయకు.

వేణి


నాగులతిప్ప,
జనవరి 19.

వేణీ,

వారం రోజులుగా కాగితం ముందు పెట్టుకోవడం, లేవడం. ఇప్పుడు పిల్లలు సెంటర్‌లో నిద్రపోతున్నారు. ఆయా ఇంటికి వెళ్లింది. రాసేస్తాను.

డిసెంబరు ఇరవై ఆరున స్వాతి వచ్చింది. చేతిలో సంచి ఉంది. సెంటర్ అరుగు మీద దుర్గాప్రసాద్ గారి మనిషి ఒకతను కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. అతను ఊరికే కూర్చున్నాడు వేణీ. నాతో ఒక్క మాట కూడా అనలేదు. ఇవ్వొద్దని నాకు ఆ రోజుకీ, ఈ రోజుకీ ఎవరూ చెప్పలేదు.

"టీచరక్కా, గుడ్లు" అంది.

"ఈ నెల సరుకు రాలేదు స్వాతీ" అన్నాను.

నా వెనక గోడ వారన గుడ్ల అట్టలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. పాల ప్యాకెట్ల పెట్టె కూడా ఉంది. తలుపు తీసే ఉంది. ఆమె వాటి వైపు చూసింది. తర్వాత నా మొహం చూసింది. "అట్టాగా అక్కా" అని మెల్లగా మెట్లు దిగింది. దిగేటప్పుడు ఒక చెయ్యి గోడకు ఆనించింది, ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుంది. నేను రిజిస్టరు తీసి ఆమె పేరు ఎదురుగా 'రాలేదు' అని రాశాను. అక్షరాలు చక్కగా వచ్చాయి. చెయ్యి వణుకుతుందేమో అనుకున్నాను. వణకలేదు.

ఆ వారంలోనే మళ్లీ రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ అదే మాట చెప్పాను. ఇప్పుడు రావడం లేదు. నీకు రాసింది అబద్ధం కాదు చూశావా, నిజంగానే రావడం లేదు.

ఇంట్లో నన్ను ఎవరూ మెచ్చుకోలేదు, తప్పు అనలేదు. అత్తమ్మ ఆ రోజు నాకు ఇష్టమని గోంగూర పచ్చడి నూరింది. ఎందుకు నూరిందో నేను అడగలేదు.

చదివి చించెయ్యి. పొయ్యిలో వెయ్యి. నీకు కాకపోతే ఇంకెవరికి చెప్పను?

అక్క


నరసరావుపేట,
జనవరి 27.

అక్కా,

ఉత్తరం అందింది. నువ్వేమీ దిగులు పడకు. ఇక్కడ పనెక్కువగా ఉంది, కోర్టులో వాయిదాలన్నీ ఒక్కసారే వచ్చాయి. చలి తగ్గింది. కరీమున్నీసా గారు నీ ఆరోగ్యం అడిగారు. బావను అడిగానని చెప్పు.

మళ్లీ తీరిగ్గా రాస్తాను.

వేణి


నాగులతిప్ప,
ఫిబ్రవరి 2.

నాగవేణీ,

నేను రాసిన మాటలు నాకే వినిపించాయి. మొన్న సాయంత్రం మీ బావ కళ్లం నుంచి వచ్చి, మిరపకాయల ఘాటుకు తుమ్ముతూనే ఫోను నా ముందు పెట్టాడు. ఎవరో అమ్మాయి గొంతు. 'పల్నాడులో గర్భిణికి గుడ్లు నిరాకరించిన ఊరు' అని వీడియోకు పేరు పెట్టారు. ఊరి పేరు లేదు, నా పేరు లేదు. 'ఒక అంగన్‌వాడీ టీచర్ తన చెల్లెలికి రాసిన ఉత్తరం' అని ఉంది. గోంగూర పచ్చడి దాకా చదివారు.

నామినేషన్ల గొడవ నడుస్తున్న ఊరు, చర్చి వీధి, లారీ డ్రైవరు భార్య. ఎంతమంది టీచర్లుంటారు? గంటలో అందరికీ తెలిసిపోయింది. అత్తమ్మకు పక్కింటివాళ్లు పెట్టి వినిపించారు. ఆమె నాతో అన్నది ఒకటే. "నా పచ్చడి గూడా రాశావంట గదే తల్లీ."

నిన్న సూపర్‌వైజర్ మేడమ్ వచ్చి రిజిస్టరు తీసుకెళ్లింది. సంజాయిషీ నోటీసు ఇచ్చింది. ఆమె వెళ్లాక దుర్గాప్రసాద్ గారు ఇంటికొచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. మీ బావ హరికృష్ణ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా తిరపతమ్మా, నేనేమన్నా ఆ పిల్లకి ఇయ్యొద్దని నీకు చెప్పానా?" అన్నారు.

"చెప్పలేదండీ."

"మరి ఊరి పరువు ఎందుకు తీశావు? కాగితం రాపించి పంపుతా. ఆ ఉత్తరం నాది కాదు, ఆమే సెంటర్‌కి రావడం మానేసిందని రాసుంటది. సంతకం పెట్టు. నీ ఉద్యోగం నేను చూసుకుంటా."

ఆయన గట్టిగా మాట్లాడలేదు. అదే నాకు భయం. ఎల్లుండి కాగితం వస్తుంది. నేను కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎటు వెళ్లాలో తెలియడం లేదు.

చించెయ్యమన్నాను కదే. ఆ ఉత్తరం వాళ్ల చేతికి ఎలా వెళ్లింది? దొంగతనం జరిగిందని రాయి. నీ గదిలో ఎవరో దూరారని రాయి. అదే నమ్ముతాను.

అక్క


నరసరావుపేట,
ఫిబ్రవరి 5.

అక్కా,

దొంగతనం జరగలేదు. నేనే ఇచ్చాను.

నీ ఉత్తరం చదివి ఆ సాయంత్రం కిందికి దిగేసరికి వీధిలో అందరూ కూర్చుని ఉన్నారు. పల్లెల్లో ఏకగ్రీవాల గురించి మాట్లాడుతున్నారు. నా దగ్గర సాక్ష్యం ఉందని నోరు జారాను. అందరూ నా వైపు తిరిగారు. ఆ క్షణం నాకు ఎంత బాగుందో చెబితే నువ్వు నన్ను క్షమించవు. అయాజ్ మాత్రం అడిగాడు. "ఊళ్లో టీచర్ ఒక్కరే గదా వేణక్కా, పేరు తీసేస్తే దాగుతదా? మీ అక్కని ఒక మాట అడుగు" అన్నాడు. నేను చూసుకుంటానన్నాను. చదివిన గొంతు కూడా నాదే. నువ్వు గుర్తుపట్టలేదా, గుర్తుపట్టీ రాయలేదా?

కరీమున్నీసా గారు వీడియో చూసి మెట్లెక్కి పైకొచ్చారు. "బేటీ, నీకు అక్క ఉత్తరం రాసిందా, వీధికి రాసిందా?" అన్నారు. నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను.

ఇంకొకటి ఉంది. రెండోవైపు నిలబడి చూడమన్నావు కదా. మా వీధి మొదట్లో ఉస్మాన్ గారి కిరాణా కొట్టు ఉంది. రెండేళ్లుగా పాలు అక్కడే కొంటాను. నవంబరులో ఆయన కొట్టు మీద అవతలి పార్టీ జెండా కట్టాడు. ఆ మర్నాటి నుంచి నేను పాలకు పై వీధికి వెళుతున్నాను. మానెయ్యమని నాకు ఎవరూ చెప్పలేదు. మానేశానని నాకూ తెలియదు. 'ఎవరూ చెప్పలేదు' అని నువ్వు రాసిన వాక్యం మైకు ముందు చదివిన రోజు కూడా, పాలు పై వీధి నుంచే తెచ్చుకున్నాను. నీ ఉత్తరం వచ్చాకే తట్టింది.

నిన్న వెళ్లాను. కొట్టు ఖాళీగా ఉంది.

"పాలు ఇవ్వండి చాచా."

"దారి తప్పి వచ్చావా అమ్మా?" అన్నాడు.

జెండా ఎందుకు కట్టారని అడిగాను. వాళ్ల కూతురు సబీహాకు జబ్బు చేస్తే ఆ పార్టీ మనిషి ఒకతను రెండు రోజులు ఆసుపత్రిలో తోడున్నాడట. "మన వీధిలో ఎవరన్నా అడిగారా, ఎందుకు కట్టావని? నువ్వే మొదలు" అన్నాడు. పాలు తీసుకుని వస్తుంటే వీధిలో ఇద్దరు నా చేతిలో ప్యాకెట్ చూశారు. చూసినందుకే నా నడక మారింది అక్కా. పాల ప్యాకెట్‌కే ఇలా అయితే, నువ్వు ఎక్కడున్నావో ఇప్పుడు కొంచెం తెలుస్తోంది.

సంతకం పెట్టెయ్యి. ఆ ఉత్తరం నీది కాదని నేను కూడా చెబుతాను. నేనే కల్పించానంటాను. ఇక్కడ కూర్చుని నీకు ధైర్యం చెప్పే అర్హత నాకు లేదు. ఇంట్లో, ఊళ్లో రేపు బతకాల్సింది నువ్వు. పెట్టెయ్యి.

వేణి


నాగులతిప్ప,
ఫిబ్రవరి 12.

వేణీ,

గొంతు మొదటి మాటకే గుర్తుపట్టాను. ఒకే తల్లి పాలు తాగిన గొంతులు కాదా మనవి. రాయడానికి చెయ్యి రాలేదు. నీ మీద కోపం ఇంకా ఉంది. అది ఉన్నన్నాళ్లు ఉంటుంది, నువ్వు బతిమాలకు.

సంతకం పెట్టలేదు.

పెద్ద నిర్ణయమేమీ కాదు. కాగితం తెచ్చిన అబ్బాయి పెన్ను కూడా తెచ్చాడు. 'ఆమే రావడం మానేసింది' అన్న వాక్యం దగ్గర ఆగాను. దాదాపు నేను నీకు రాసిన వాక్యమే అది. ఇంకొకరి చేతిరాతలో చూసి పెన్ను తిరిగి ఇచ్చేశాను. "మా ఆయన వచ్చాక చెబుతా" అని పంపేశాను.

అక్కడే నిలబడితే మళ్లీ మనసు మారుతుందని తెలుసు. సెంటర్ తలుపు తీసి, స్వాతికి రావాల్సిన గుడ్లు రెండు అట్టలు, పాల ప్యాకెట్లు, పప్పు, నూనె లెక్కగట్టి ఒక తట్టలో పెట్టుకున్నాను. పొద్దున పది గంటలు. పాలకేంద్రం దగ్గర మనుషులున్నారు. చుట్టూ తిరిగి పొలం గట్టున వెళ్లొచ్చు. నడి వీధిన వెళ్లాను. ధైర్యం కాదు, గట్టున వెళితే గుడ్లు పగులుతాయని. ఎవరూ పిలవలేదు. పాలకేంద్రం దగ్గర మాటలు ఆగాయి, నేను దాటాక కూడా మొదలవలేదు.

గ్రేసమ్మ గుమ్మంలో ఉంది. నన్ను చూసి లోపలికి వెళ్లి స్వాతిని పంపింది.

"సరుకొచ్చిందా టీచరక్కా?" అంది స్వాతి.

"ఎప్పుడో వచ్చింది. నేనే ఇయ్యలా."

"తెలుసు. చూశా గదా" అని తట్ట అందుకుంది. కూర్చోమనలేదు. నేనూ కూర్చోలేదు. రిజిస్టరు మేడమ్ దగ్గరుందని తెల్లకాగితం మీద సంతకం చేయించుకున్నాను.

నోటీసుకు జవాబు కూడా రాశాను. జరిగింది జరిగినట్టు. ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు.

ఇప్పుడు బోరింగు దగ్గర నాకు కూడా జరుగుతున్నారు. పిల్లలు సెంటర్‌కు ఇరవై రెండు మంది రావాల్సింది, తొమ్మిది మందే వస్తున్నారు. అత్తమ్మ తన అన్నం తనే వండుకుంటోంది. మీ బావ నా ఎదురుగా తింటున్నాడు గానీ తల ఎత్తడు. నిన్న మాత్రం, "తట్ట బరువుగా ఉండి ఉంటది గదా. నన్ను పిలవకపోయావా" అన్నాడు. పిలిస్తే వచ్చేవాడా? ఏమో. అడగలేదు.

ఎల్లుండి పోలింగు. వార్డులన్నిటిలో మా నాలుగో వార్డు ఒక్కదానికే పోటీ. వాళ్లది గ్యాస్ పొయ్యి గుర్తు, స్వాతిది స్టూలు.

అక్క


నాగులతిప్ప,
ఫిబ్రవరి 20.

వేణీ,

స్వాతి ఓడిపోయింది. పోలైనవి నూట ముప్పై ఒకటి. స్టూలుకు అయిదు.

వాళ్లింట్లోనే నాలుగు ఓట్లున్నాయి. స్వాతి, బెంజిమిన్, గ్రేసమ్మ, మరిది. చర్చి వీధి మొత్తం నలభై ఓట్లు, మిగిలినవన్నీ పొయ్యికే పోయాయని ఊరి లెక్క. అయిదో ఓటు ఎవరిదన్న ప్రశ్న ఊళ్లో ఎవరికీ లేదు. తిరపతమ్మది. లెక్కింపు అయిన సాయంత్రం మా ఇంటి ముందు టపాకాయలు కాల్చారు. అత్తమ్మ చెవులు మూసుకుని లోపలి గదిలో కూర్చుంది. నాకు మామగారి సంగతి తెలిసీ, వెళ్లి ఆమె చెయ్యి పట్టుకోలేకపోయాను. పట్టుకోనివ్వదని.

మర్నాడు స్వాతి సెంటర్‌కు వచ్చింది. అందరి ముందు నా రెండు చేతులూ పట్టుకుంది. "ఊరంతా ఒకపక్కనుంటే నువ్వొక్కదానివి ఏశావు. చచ్చిందాకా మర్చిపోనక్కా" అని ఏడ్చింది.

ఇప్పుడు చెప్పేది విను. ఆ ఓటు నాది కాదు.

స్టూలుకు వెయ్యాలనే వెళ్లాను. ఇంటి దగ్గర అదే అనుకున్నాను, వరసలో అదే అనుకున్నాను. అట్ట అడ్డం పెట్టారు. కాగితం ముందుంది, చేతిలో ముద్ర ఉంది. ఏ కన్నూ లేదు. మామగారు గుర్తొచ్చారని రాస్తే నువ్వు నమ్ముతావు, కానీ ఏమీ గుర్తు రాలేదు. భయం కూడా వెయ్యలేదు. చెయ్యి పోయింది, అంతే. తొమ్మిదేళ్లుగా వేసిన వైపే వేసింది. ముద్ర పడ్డాక చూస్తే పొయ్యి మీద ఉంది. కాగితం మడిచి పెట్టెలో వేసి బయటికొచ్చాను. బయట జనమంతా నన్ను శత్రువును చూసినట్టు చూశారు.

వీధిలో అందరూ చూస్తుండగా తట్ట మోసిన మనిషినే కదా నేను. ఎవరూ చూడని చోట ఏమైంది నాకు? అక్కడ నేను ఒక్కదాన్నే ఉన్నానని ఎలా అనుకున్నాను?

చెయ్యని పనికి ఊరు నన్ను వెలివేసింది. చెయ్యని పనికి స్వాతి నాకు దణ్ణం పెడుతోంది. ఆమెకు చెప్పాలా? చెబితే ఆ ఒక్క ఆసరా కూడా పోతుంది. నెలలు నిండుతున్న మనిషి. చెప్పకపోతే నాకు నిద్ర లేదు.

అక్క


నరసరావుపేట,
ఫిబ్రవరి 26.

అక్కా,

మూడుసార్లు జవాబు రాసి చించాను. ఒకదాంట్లో చెప్పమన్నాను, ఒకదాంట్లో వద్దన్నాను, ఒకదాంట్లో నిన్ను తిట్టాను. ఏది రాసినా, రాసేది నేనా, మా వీధి రాయిస్తోందా అని సందేహం వచ్చింది. అందుకని ఈసారి సలహా లేదు.

వచ్చే ఆదివారం మాచర్ల బస్సెక్కి వస్తున్నాను. నీ పక్కన బోరింగు దగ్గర నిలబడతాను. బిందె రెండోవైపు పడతాను. అది మాత్రం నాకు చేతనవుతుంది.

వేణి


నాగులతిప్ప,
మార్చి 16.

వేణీ,

నువ్వు వెళ్లిన మూడో రోజు స్వాతి దగ్గరికి వెళ్లాను. నువ్వున్న రెండు రోజులూ చెప్పలేకపోయాను. నువ్వు పక్కనుంటే అది మళ్లీ నీ ధైర్యమవుతుందేమోనని కూడా ఆగాను.

వాకిట్లో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. దుర్గాప్రసాద్ గారి గెలుపు సంబరాలు అయిపోయాయి కాబట్టి ఇప్పుడు ఆ ఇంటికి కూలి పని కొద్దికొద్దిగా ఇస్తున్నారు. నేనూ ఎదురుగా కూర్చుని ఒక గుప్పెడు తీసుకున్నాను. కాసేపు ఇద్దరం తొడిమలు తీశాం.

"స్వాతీ, ఆ అయిదో ఓటు నాది కాదు" అన్నాను.

ఆమె చేతులు ఆగాయి. "అదేంది? గుడ్లు తెచ్చావు గదక్కా."

"తెచ్చాను. ఓటు మాత్రం పొయ్యికే ఏశా. ఎందుకు ఏశానో నాకే తెలియదు."

చాలాసేపు నా మొహం చూసింది. సెంటర్ గుమ్మంలో ఆ రోజు చూసిన చూపే. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకోబోయింది. చేతులకు కారం ఉందని నేను మణికట్టు పట్టుకుని ఆపాను. విదిలించుకుంటుందనుకున్నాను. విదిలించుకోలేదు.

"నాతో దణ్ణం పెట్టించుకున్నావు" అంది.

"పెట్టించుకున్నాను."

లోపల గ్రేసమ్మ గిన్నెలు సర్దుతోంది. లేచి వెళ్లిపోదామని నేను కాళ్లు కూడదీసుకుంటుంటే స్వాతి నన్ను మోకాలి మీద చేత్తో నొక్కి కూర్చోబెట్టింది.

"ఉండక్కా. మా ఇంట్లోయి నాలుగు. నీది కాదు. అయితే ఎవురో ఉన్నారు" అంది.

నేను ఆ వైపు నుంచి ఆలోచించనే లేదు వేణీ. ఇరవై రోజులుగా నా తప్పు చుట్టూనే తిరుగుతున్నాను. ఈ ఊళ్లోనే ఎవరో, నాలాగే బతుకుతూ, ఇదే గాలి పీలుస్తూ, ఎవరికీ చెప్పకుండా లోపలికి వెళ్లి, స్టూలు మీద ముద్ర వేసి వచ్చారు. ఆ చెయ్యి నా చెయ్యిలా పోలేదు.

స్వాతి కాయలు పక్కన పెట్టి వీధి వైపు తిరిగి కూర్చుంది. నేనూ తిరిగాను. పాలు పోసే టైము. మనుషులు వస్తున్నారు, పోతున్నారు. మమ్మల్ని చూసి మొహాలు తిప్పుకునేవాళ్లు తిప్పుకుంటున్నారు. పాలకేంద్రం అతను వెళ్లాడు. సంతకానికి కాగితం తెచ్చిన అబ్బాయి బండి మీద వెళ్లాడు. పిండిమర ఆయన వెళ్లాడు. ఇతనా, అతనా అని ఒక్కొక్కరినీ ఇద్దరం తేరిపార చూశాం. చివరికి మా అత్తమ్మ చెంబు పట్టుకుని మా వైపు చూడకుండా వెళ్లింది. ఆమెనూ అలాగే చూశాం.

అక్క